ఇంట్లో కట్టిన కారుకు నంబరు ప్లేటు ఎప్పుడు?

హైదరాబాద్‌ చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లినవాళ్లు అక్కడి పసుపుపచ్చ రోల్స్‌ రాయిస్‌ను చూసే ఉంటారు. 1912 నాటి సిల్వర్‌ ఘోస్ట్‌ అది. ఆరో నిజాం మహబూబ్‌ అలీఖాన్‌ ఆర్డరిచ్చి చేయించుకున్నారు గానీ, బండి ఇక్కడికి చేరకముందే 1911లో కన్నుమూశారు. వెనక సీటు సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది కాబట్టి ‘థ్రోన్‌ కార్‌’ అన్నారు. దాన్ని చూసేవాళ్ల కళ్లు వెండి తళుకుల మీదికీ, రాజముద్రల మీదికీ పోతాయి. నేను చెప్పదలచింది వేరే సంగతి. ఆ కారును రోల్స్‌ రాయిస్‌ కంపెనీ ఒక్కటే చేయలేదు. ఇంజను, ఛాసీ, చక్రాలు వాళ్లవి. పైనున్న బాడీ అంతా లండన్‌లోని బార్కర్‌ కంపెనీది. కార్లు పుట్టక ముందు నుంచీ గుర్రబ్బగ్గీలు చేస్తూ వచ్చినవాళ్లు వీళ్లు. ఆ కాలంలో పెద్ద కార్లకు ఇదే పద్ధతి. ఛాసీ ఒకరి దగ్గర కొనాలి, బాడీ ఇంకొకరి దగ్గర కట్టించుకోవాలి. రెండో ప్రపంచ యుద్ధం దాకా రోల్స్‌ రాయిస్‌ అమ్మినవన్నీ దాదాపు ఒట్టి ఛాసీలే.

ఇంటి పెరట్లో రోడ్‌స్టర్‌ కట్టుకోవడం అనే విద్యకు వేరు అక్కడుంది. రోడ్‌స్టర్‌ అంటే పైకప్పు లేని, ఇద్దరు కూర్చునే, తేలికపాటి కారు. పాతకాలపు పేరున్న రోడ్‌స్టర్‌ రూపాన్ని తీసుకుని, ఏదో ఒక మామూలు కారు ఇంజను, గేరుబాక్సు పెట్టుకుని, బాడీ, ఫ్రేము కిట్‌గా కొనుక్కునో సొంతంగా చేసుకునో బిగించుకునేదే కిట్‌ కారు. ఇది డబ్బున్న విదేశీయుల సరదా అనుకునేవాళ్లు మన దగ్గర ఎక్కువ. నూరేళ్ల చరిత్రను వెనక్కి తిరిగి చూస్తే ఆ మాట నిలబడదు. ఈ పనికి కావలసిన చేతులు మన నేల మీద ఎప్పుడూ ఉన్నాయి. ఆ చేతులు చేసిన బండికి రోడ్డెక్కే దారే లేకుండా పోయింది.

అసలు మన దేశంలో కార్ల పరిశ్రమ మొదలైందే కిట్లతో. 1928లో జనరల్‌ మోటార్స్‌ బొంబాయిలో ఫ్యాక్టరీ పెట్టి, ఓడల్లో విడిభాగాలుగా వచ్చిన కార్లను ఇక్కడ బిగించి అమ్మింది. ఫోర్డ్‌ కూడా అదే పని చేసింది. స్వాతంత్ర్యం వచ్చిన ఏడు మహీంద్రా వాళ్లు విల్లీస్‌ జీపులకు ఒప్పందం చేసుకున్నదీ, మద్రాసులో స్టాండర్డ్‌ మోటార్‌ కంపెనీ వాన్‌గార్డ్‌ కార్లు బిగించిందీ అలాగే. హైదరాబాద్‌ రాజ్యంలో 1932లో నిజాం రైల్వే రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైంది. 1942లో పుట్టిన ఆల్విన్‌ కంపెనీ తర్వాత ఎన్నో ఏళ్లు బస్సులకు బాడీలు కట్టింది. హైదరాబాద్‌ వీధుల్లో తిరిగిన డబుల్‌ డెక్కర్లను తలుచుకునేవాళ్లు ఇప్పటికీ ఆల్విన్‌ పేరు ఎత్తుతారు.

1953లో మలుపు తిరిగింది. సొంతంగా తయారుచేసే పథకం లేకుండా ఊరికే బిగించి అమ్మే కంపెనీలు మూడేళ్లలో మూసుకోవాలని టారిఫ్‌ కమిషన్‌ సిఫారసు చేసింది. జనరల్‌ మోటార్స్‌, ఫోర్డ్‌ సర్దుకుని వెళ్లిపోయాయి. మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టగలిగిన కంపెనీలు. ఏ కారు ఎవరు చేయాలో, ఎన్ని చేయాలో ఢిల్లీలో తేలేది. ఫియట్‌ కోసమైనా, అంబాసిడర్‌ కోసమైనా డబ్బు కట్టి ఏళ్లకేళ్లు ఎదురుచూసిన తరం మనది.

ఆ కాలం ఎలాంటిదో నందికొండ వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. 1955 డిసెంబర్‌ 10న నెహ్రూ అక్కడ నాగార్జునసాగర్‌ డ్యామ్‌కు శంకుస్థాపన చేశారు. విదేశీ మారకానికి కటకటగా ఉన్న రోజులు. బయటి నుంచి భారీ యంత్రాలు తెప్పించుకునే స్తోమత లేదు. అందుకే కాంక్రీటుకు బదులు రాతికట్టడం ఎంచుకున్నారు. యంత్రం చేయాల్సిన పనిని వేలాది మంది కూలీలు తట్టలతో, గమేళాలతో చేశారు. 124 మీటర్ల ఎత్తున, 26 గేట్లతో నిలబడిన ఆ డ్యామ్‌ నుంచి 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. అక్కడ రాయి మీద రాయి పేర్చినవాళ్లు విదేశీ మారకం మీద పెద్దగా ఆధారపడకుండా ప్రపంచంలోనే పెద్ద రాతి ఆనకట్టల్లో ఒకదాన్ని నిలబెట్టారు. కార్ల విషయంలో మాత్రం ఆ మారకం కరువే సాకై సొంత చేతులను కట్టేసింది. ఒకే కరువుకు రెండు జవాబులు దొరికాయి. ఒకదానిలో మనిషి చేతిని నమ్మారు, రెండోదానిలో నమ్మలేదు.

అలా నమ్మనందువల్ల ఏం పోయిందో తెలియాలంటే జి.డి.నాయుడు కథ చూడాలి. కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో 1893లో పుట్టిన ఈ తెలుగింటి బిడ్డ చదువు మీద మనసు నిలవక బడి వదిలేశాడు. ఒక దొర నడిపే మోటారు సైకిల్‌ చూసి దానిమీద మోజుపడి, హోటల్లో సర్వరుగా పనిచేసి డబ్బు కూడబెట్టి దాన్ని కొన్నాడు. కొన్నాక నడపడం కన్నా విప్పి చూడటానికే ఎక్కువ ఉబలాటపడ్డాడు. 1920లో ఒక్క బస్సుతో పొల్లాచ్చి, పళని మధ్య సర్వీసు మొదలుపెట్టి పెద్ద రవాణా సంస్థను నిర్మించాడు. 1937లో దేశంలోనే తొలి ఎలక్ట్రిక్‌ మోటారు తయారీలో ఆయన పాలు ఉంది. అలాంటి మనిషి 1952లో ఇద్దరు కూర్చునే పెట్రోలు కారు తయారుచేశాడు. ధర రెండు వేల రూపాయలు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. కారు అక్కడితో ఆగిపోయింది. ఈ దేశంలో సొంతంగా చేసిన చిన్న కారుకు అంతకన్నా మంచి అవకాశం మళ్లీ మూడు దశాబ్దాలు రాలేదు. 1983 డిసెంబర్‌లో మారుతి 800 వచ్చింది. అదీ మొదట్లో జపాన్‌ నుంచి తెచ్చుకున్న విడిభాగాలతో. నాయుడు కారును ఆపడం పెద్ద పొరపాటు అని నా గట్టి నమ్మకం. ఆ ఒక్క లైసెన్సు ఇచ్చి ఉంటే కోయంబత్తూరు నుంచి కడప దాకా ఎంతమంది మెకానిక్కులు సొంత కార్ల మీద చెయ్యి వేసేవారో!

అదే కాలంలో ఇంగ్లండ్‌లో ఏం జరిగిందో పక్కన పెట్టి చూడండి. అక్కడ కొత్త కారు మీద కొనుగోలు పన్ను భారీగా ఉండేది. విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకుంటే ఆ పన్ను లేదు. 1948లో పాత ఆస్టిన్‌ సెవెన్‌ను విప్పి తన మొదటి కారు చేసుకున్న కాలిన్‌ చాప్‌మన్‌ ఈ వెసులుబాటును పట్టుకున్నాడు. 1957లో ఆయన లోటస్‌ కంపెనీ తెచ్చిన ‘సెవెన్‌’ రోడ్‌స్టర్‌ను జనం కిట్‌గా కొనుక్కుని గరాజుల్లో బిగించుకున్నారు. కిట్‌తో పాటు బిగించే పద్ధతి రాసి ఇవ్వకూడదని చట్టం అడ్డొస్తే, విప్పే పద్ధతి రాసి ఇచ్చారనీ, జనం దాన్ని కింది నుంచి పైకి చదువుకుని బిగించుకున్నారనీ చెబుతారు. 1973లో పన్ను విధానం మారడంతో ఆ లాభం పోయింది. అదే ఏడు లోటస్‌ ఆ బండి హక్కులను కేటర్‌హామ్‌ అనే చిన్న సంస్థకు అమ్మేసింది. కేటర్‌హామ్‌ ఇవాళ్టికీ వాటిని కిట్లుగా అమ్ముతోంది. 1996లో రాన్‌ చాంపియన్‌ అనే ఆయన 250 పౌండ్లకే సొంత స్పోర్ట్స్‌ కారు చేసుకోవడం ఎలాగో పుస్తకం రాశాడు. పాత ఫోర్డ్‌ ఎస్కార్ట్‌ ఇంజను, ఇరుసు తీసుకుని, చదరపు ఇనుప గొట్టాలతో ఫ్రేము చేసుకోవడం ఆ పుస్తకంలో ఉన్న పద్ధతి. ప్రపంచమంతటా ఆ పుస్తకం పెట్టుకుని బండ్లు చేసినవాళ్లున్నారు.

అమెరికాలో కథ ఇంకో దారిన నడిచింది. 1964లో బ్రూస్‌ మేయర్స్‌ ఫోక్స్‌వ్యాగన్‌ బీటిల్‌ భాగాల మీద ఫైబర్‌ బాడీ తొడిగి ఇసుకలో తిరిగే బగ్గీ చేశాడు. అంతకు రెండేళ్ల ముందు కారోల్‌ షెల్బీ ఇంగ్లండ్‌ కారుకు అమెరికా ఫోర్డ్‌ ఇంజను పెట్టి ‘కోబ్రా’ తెచ్చాడు. అసలైన కోబ్రాలు వెయ్యిలోపే తయారయ్యాయి; వాటి ప్రతిరూపాలు అంతకు ఎన్నో రెట్లు ఇళ్లలో పుట్టాయి. 1995లో మొదలైన ఫ్యాక్టరీ ఫైవ్‌ లాంటి సంస్థలు పాత మస్టాంగ్‌ భాగాలతో కోబ్రా కట్టుకునే కిట్లు అమ్మి ఆ రంగంలో పెద్ద పేరు తెచ్చుకున్నాయి.

ఇంకో ముచ్చట ఉంది. ఇంగ్లండ్‌ కిట్‌కారు వాళ్లకు ఇష్టమైన బండ్లలో ట్రయంఫ్‌ హెరాల్డ్‌ ఒకటి. దానికి ఛాసీ విడిగా, బాడీ విడిగా ఉంటాయి. బాడీ ఎత్తేసి, కింద ఛాసీ మీద పాత ఎంజీ రోడ్‌స్టర్‌ రూపాన్ని తొడగడానికి అంతకన్నా అనువైనది లేదు. సరిగ్గా ఆ హెరాల్డ్‌నే స్టాండర్డ్‌ కంపెనీ 1961 నుంచి మద్రాసు దగ్గర వండలూరులో తయారుచేసింది. అంటే కిట్‌కారుకు కావలసిన మూలసరుకు మన గడప ముందే ఉంది. లేనిదల్లా అనుమతి. తర్వాత వచ్చిన మారుతి లాంటి కార్లలో బాడీయే అస్థిపంజరం. విడిగా ఛాసీ ఉండదు. రేకు కోస్తే బండి బలం పోతుంది. దాంతో కార్ల మీద పనిచేసే మన మెకానిక్కుల చేతి నుంచి సగం పని జారిపోయింది.

జారిపోని చోటు ఒకటుంది. లారీల బాడీ షెడ్లు. 1966లో మొదలైన విజయవాడ ఆటోనగర్‌ ఈ విద్యకు పుట్టినిల్లు లాంటిది. జంషెడ్‌పూర్‌ నుంచో మద్రాసు నుంచో ఒట్టి ఛాసీలు వరసగా రోడ్డెక్కి వచ్చేవి. క్యాబిన్‌ ఉండదు, తలుపులుండవు, ముందు అద్దం ఉండదు. చెక్క పెట్టె లాంటి సీటు మీద కూర్చుని, తలకు తువ్వాలు చుట్టుకుని, కళ్లద్దాలు పెట్టుకుని డ్రైవర్లు వందల మైళ్లు గాలికి ఎదురొడ్డి నడుపుకొచ్చేవారు. హైదరాబాద్‌, విజయవాడ రోడ్డు మీద నకిరేకల్‌, సూర్యాపేట, కోదాడ వాసులు ఆ దృశ్యం చూస్తూ పెరిగారు. మిర్యాలగూడ రైసుమిల్లుల బియ్యం మోసే లారీల కోసం నల్లగొండ జిల్లాలో ఈ పని తెలిసినవాళ్లకు ఏనాడూ గిరాకీ తగ్గలేదు.

ఆ షెడ్డులో పని జరిగే తీరు కొంచెం దగ్గర నుంచి చూడాలి. ఛాసీకి రెండు పక్కలా నిలువుగా వెళ్లే దూలాల మీద అడ్డపట్టీలు పరుస్తారు. వాటిని ఛాసీకి వెల్డింగ్‌ చెయ్యరు, దానికి బెజ్జమూ వెయ్యరు. యూ బోల్టులతో కింది నుంచి పట్టి బిగిస్తారు. లోడుతో గుంటలో దిగినప్పుడు ఛాసీ మెలి తిరుగుతుంది. అతికిన చోట ఆ మెలి సాగక, అక్కడి నుంచే పగులు మొదలవుతుంది. ఈ సంగతి ఏ ఇంజినీరింగ్‌ పుస్తకమూ తెరవని మేస్త్రీకి తెలుసు. వడ్రంగి, కమ్మరి, టింకరింగ్‌ పనివాడు, ఎలక్ట్రీషియన్‌, సీట్ల పనివాడు, పెయింటరు ఒకే కప్పు కింద ఉంటారు. బార్కర్‌ కంపెనీ షెడ్డులో నిజాం కారు చేసినవాళ్లూ ఈ వృత్తుల వాళ్లే. పేర్లు ఇంగ్లిషువి, అంతే తేడా.

ఇంటి దగ్గర రోడ్‌స్టర్‌ కట్టేవాడికి కావలసిన చదువు కూడా ఇదే. అంగుళం చదరపు గొట్టాలు కోసి, చదునైన బల్ల మీద పేర్చి, ముందు చుక్క చుక్కగా టాక్‌ వేస్తారు. టేపు పెట్టి ఈ మూల నుంచి ఆ మూలకు, మళ్లీ రెండో కర్ణం కొలుస్తారు. రెండూ కలిస్తేనే ఫ్రేము మూలమట్టానికి ఉన్నట్టు. కలిశాక గానీ పూర్తి వెల్డింగ్‌ పెట్టరు. అదీ ఒకే పక్క ఏకధాటిగా కాదు. అటు కొంచెం, ఇటు కొంచెం. లేకపోతే వేడికి గొట్టం వంగుతుంది. ఇంజను వెనక చక్రాలను తిప్పేదై ఉండాలి కాబట్టి, మారుతి 800 కన్నా అదే కుటుంబపు ఓమ్ని వ్యాన్‌ ఇంజను, ఇరుసు ఈ పనికి ఎక్కువ నప్పుతాయి. ఫైబర్‌ బాడీ పోసేటప్పుడు అచ్చుకు మైనం రాసి, జెల్‌కోట్‌ వేసి, గాజుపీచు చాప పరిచి రెజిన్‌ పట్టిస్తారు. నల్లగొండ, పాలమూరు ఎండల్లో మే నెల మధ్యాహ్నం హార్డెనర్‌ మామూలు పాళ్లలో కలిపితే బ్రష్షు తీసేలోపే గట్టిపడుతుంది. పాళ్లు తగ్గించి, పొద్దున్నే పని కానివ్వాలి. వాటర్‌ ట్యాంకులు, డోములు పోసే ఫైబర్‌ పనివాళ్లకు ఈ లెక్క వేళ్ల కొనల మీద ఉంటుంది.

ఇన్నేళ్ల చరిత్రలో తెలుగు నేల మీద ఈ విద్యను ఆఖరిదాకా పట్టుకుపోయిన మనిషి ఒకరున్నారు. హైదరాబాద్‌కు చెందిన కన్యబోయిన సుధాకర్‌. బడికి వెళ్లే వయసులోనే పాత ఇనుముతో బండ్లు కట్టడం మొదలుపెట్టారు. 2005లో 41 అడుగుల 7 అంగుళాల ఎత్తున, 17 అడుగుల వ్యాసమున్న చక్రాలతో మూడు చక్రాల సైకిల్‌ కట్టి, నగరంలో స్వయంగా తొక్కి గిన్నిస్‌ రికార్డు అందుకున్నారు. 2010లో బహదూర్‌పురాలో, జూ పార్కు దగ్గర సుధా కార్స్‌ మ్యూజియం తెరిచారు. వంకాయ కారు, కెమెరా కారు, క్రికెట్‌ బంతి కారు, మహిళా దినోత్సవానికి హైహీల్‌ చెప్పు కారు, పది మంది ఎక్కగల బుల్లి డబుల్‌ డెక్కర్‌ బస్సు. అన్నీ తుక్కు నుంచి పుట్టినవే, అన్నీ నడిచేవే. పిల్లలు వాటిని చూసి నవ్వుతారు. పెద్దలు ఫొటోలు దిగుతారు. వాటి దగ్గర ఒంగి కింద చూసేవాళ్లు తక్కువ. వంకాయ ఆకారంలో ఉన్న బాడీ కింద ఇంజను ఎక్కడ కూర్చోవాలి, స్టీరింగ్‌ రాడ్‌ ఏ కోణంలో వెళ్లాలి, బ్రేకు పట్టాలంటే బరువు ఎటు పడాలి అన్నవి ఆ బండి చేసిన ప్రతిసారీ కొత్తగా తేల్చుకోవలసిన లెక్కలు. ప్రతిరూపాల విద్యలోనూ ఆయన చెయ్యి వేశారు. 1922 నాటి ఫోర్డ్‌ టూరర్‌కు భారీ ప్రతిరూపం నిలబెట్టారు. ఇంగ్లండ్‌లో పుట్టి ఉంటే ఆయన పేరు మీద కిట్లు అమ్ముడుపోయేవి. ఇక్కడ ఆయన బండ్లు ప్రత్యేక సందర్భాల్లో బయటికొచ్చి మళ్లీ మ్యూజియంలోకే వెళ్లిపోతాయి.

కిట్‌కారు వ్యాపారం దేశంలో ఎవరూ ప్రయత్నించలేదని కాదు. 1990ల చివర గోవా నుంచి శాన్‌ స్టార్మ్‌ అనే ఇద్దరు కూర్చునే ఫైబర్‌ కారు వచ్చింది. ముంబయి ఆవల అలీబాగ్‌ దగ్గర చింకారా మోటార్స్‌ లోటస్‌ సెవెన్‌ ప్రతిరూపంగా, అంబాసిడర్‌లో వాడిన 1.8 లీటర్ల ఇసుజు ఇంజనుతో రోడ్‌స్టర్‌ చేసింది. రెండూ పెద్దగా నిలదొక్కుకోలేదు. కాలేజీల్లో మాత్రం ఈ విద్య బతికే ఉంది. 2007 నుంచి జరుగుతున్న బాజా పోటీల కోసం ఇంజినీరింగ్‌ విద్యార్థులు గొట్టాల ఫ్రేముతో బండ్లు కడుతున్నారు. పోటీ అయిపోయాక ఆ బండి కాలేజీ మూలన పడి ఉంటుంది, పిల్లలు సాఫ్ట్‌వేర్‌లో చేరిపోతారు.

ఎందుకంటే రోడ్డెక్కడానికి దారి లేదు. 1988 మోటారు వాహనాల చట్టం, 1989 నిబంధనల ప్రకారం ఏ నమూనా బండినైనా పుణేలోని ఏఆర్‌ఏఐ లాంటి సంస్థ పరీక్షించి ఆమోదించాలి. వేల బండ్లు అమ్మే కంపెనీకి ఆ ఖర్చు లెక్కలోకి రాదు. ఒక్క బండి కట్టుకునే మనిషికి అది మోయలేని బరువు. చట్టంలోని 52వ సెక్షన్‌ తయారీదారు ఇచ్చిన రూపాన్ని మార్చనివ్వదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని ఇంకా గట్టిగా ఖరారు చేసింది. రోడ్డు మీద ఇతరుల ప్రాణాలు ఉన్నాయి కాబట్టి భద్రతకు అడ్డుపడే మార్పును ఆపడం న్యాయమే. దాన్ని నేను కాదనను. కానీ అడ్డగోలుగా కోసిన బండినీ, లెక్కగట్టి కట్టిన బండినీ వేరు చేసి చూసే పరీక్షే లేకపోవడం న్యాయం కాదు.

ఇతర దేశాలు ఆ పరీక్షను ఏర్పాటు చేసుకున్నాయి. బ్రిటన్‌ 1998లో ఒక్కొక్క బండినీ విడిగా పరీక్షించి ఆమోదించే పద్ధతి తెచ్చింది. 2009లో దాన్ని మరింత కఠినం చేసింది. బ్రేకులు, లైట్లు, పదునైన అంచులు, సీటుబెల్టు బిగింపులు, పొగ అన్నీ చూస్తారు. తప్పితే సరిచేసుకుని మళ్లీ రమ్మంటారు. కాలిఫోర్నియా ఏటా 500 ఇంటి బండ్లకు అవకాశం ఇస్తుంది. అమెరికా కేంద్ర ప్రభుత్వం 2015 చట్టంతో చిన్న తయారీదారులు ఏటా 325 దాకా ప్రతిరూప కార్లు చేసుకోవచ్చంది.

మన చట్టానికి కూడా ఈ ఆలోచన కొత్త కాదు. లారీ బాడీ విడిగా కట్టే పద్ధతి కోసం ఫారం 22-ఏ ఉంది. అందులో మొదటి భాగం ఛాసీ కంపెనీ పూర్తిచేస్తే, రెండో భాగం బాడీ కట్టినవాళ్లు పూర్తిచేస్తారు. అంటే బండిని ఇద్దరు కలిసి తయారుచేస్తారని చట్టం ఎప్పుడో ఒప్పుకుంది. 2021లో 50 ఏళ్లు దాటిన పాతకార్లకు ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు వరస ఇచ్చారు. 20 వేల రూపాయల రుసుము, రోజువారీ వాడకం కూడదన్న షరతు పెట్టారు. పాత బండికి ఇచ్చిన ఆ వెసులుబాటు కొత్తగా చేత్తో కట్టిన బండికి ఎందుకు కూడదు?

మన తెలంగాణ రాష్ట్రంలో ఇన్నోవేషన్‌ సెల్‌ 2019 నుంచి ‘ఇంటింటా ఇన్నోవేటర్‌’ పేరుతో పంద్రాగస్టుకు జిల్లా జిల్లాలో గ్రామీణ ఆవిష్కరణలను ప్రదర్శిస్తోంది. ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని ఆలేరు ప్రాంతం నుంచే చింతకింది మల్లేశం వచ్చారు. తల్లి చేనేతలో ఒక్క చీర నూలుకు ఆసు పోయడానికి వేల సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించి పడే నొప్పి చూడలేక, ఏళ్ల తరబడి తంటాలు పడి లక్ష్మి ఆసు యంత్రం చేశారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. యంత్రం నేల మీద ఉంటుంది కాబట్టి ఆయనకు రవాణా శాఖ అనుమతి అక్కర్లేకపోయింది. చక్రాలున్న యంత్రం చేసేవాడికి మాత్రం ప్రదర్శన దినం దాటాక ఏ కార్యాలయమూ తలుపు తీయదు.

రాష్ట్ర రవాణా శాఖ, ఇన్నోవేషన్‌ సెల్‌ కూర్చుని ఒక ముసాయిదా రాయాలి. ఏటా పరిమిత సంఖ్యలో ఇంటి బండ్లు, గంటకు ఇంతకు మించని వేగం, వెల్డింగుకూ బ్రేకులకూ ఒక పాలిటెక్నిక్‌ లేదా ఐటీఐలో పరీక్ష, మోటారు వాహన ఇన్‌స్పెక్టర్‌ సంతకం, పాతకార్లకు ఇచ్చినట్టే వేరే నంబరు వరస. చట్టం కేంద్రానిది కాబట్టి దాన్ని ఢిల్లీకి పంపి, అనుమతి వచ్చేదాకా వెంటపడాలి. షెడ్డులో బండి కడుతున్నవాళ్లు ఒక్కమాట గుర్తుంచుకోండి: ప్రతి అతుకునూ ఫొటో తీసి, వాడిన ప్రతి గొట్టం కొలతా రాసి పెట్టుకోండి. ఆ నిబంధన వచ్చిన రోజు ఇన్‌స్పెక్టర్‌ ముందుగా అడిగేది అదే.